మోహన్‌కృష్ణ గుండు

“మోహనన్నా, నువ్వు కొంచెం పక్కకు జరుగు. లైటంతా నీ తల మీద పడి చీర కనపడటంలా,” అన్నాడు మాధవ్.

అన్నది చెడ్డ మనసుతో కాదు. ఆత్మకూరు బజారులో తండ్రి పెట్టిన చీరల కొట్టును సెల్‌ఫోనులోకి ఎక్కించిన కుర్రవాడు మాధవ్. రోజూ సాయంత్రం పరుపు ముందు గుండ్రటి లైటు పెట్టి, స్టాండుకు ఫోను బిగించి, లైవులో చీరలు అమ్ముతాడు. చూసేవాళ్లు కింద రాస్తూ ఉంటారు: రేటెంత, ఇందులో ఆకుపచ్చ ఉందా, కావలికి పంపుతారా అని. ఆ సాయంత్రం ఎవరో మహాతల్లి, “ఆ బట్టతల అంకుల్‌ని తప్పించి చీర చూపించండి” అని రాసింది. దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి.

మోహన్‌కృష్ణకు ముప్పై నాలుగేళ్లు. చీర మడత విప్పి మణికట్టు ఒక్కసారి తిప్పాడంటే పమిట అంచు పరుపు మీద గీత గీసినట్టు పడుతుంది. కొట్టుకు వచ్చే ఆడవాళ్లు ఆ చేతులే చూసేవాళ్లు గానీ తల చూసినవాళ్లు లేరు. ఫోనులో చూసేవాళ్లకు మాత్రం తలే ముందు కనిపించింది. మర్నాటి నుంచి లైటు ముందు గోపిక అనే కొత్త అమ్మాయి నిలబడింది. మోహన్‌కృష్ణ ఫోనుకు అందని మూలలో ఉండి చీరలు విప్పి అందించేవాడు, చూపించడం అయిపోయినవి మడత పెట్టేవాడు. జీతం తగ్గలేదు. ఎవరూ ఇంకో మాట అనలేదు. అయినా ఆ మూలకు చేరినప్పటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

అందుకే ఒక ఆదివారం బస్టాండు వెనక సందులో చర్మం డాక్టరు మేడ ఎక్కాడు. నెల్లూరు నుంచి రజిని అనే అమ్మాయి వారానికోసారి అక్కడికి వచ్చి తలకు చుక్కలు పెడుతుందని విన్నాడు. జుట్టు పోయిన చోట సన్నని సూదితో వెంట్రుక మొదలంత చుక్క, దాని పక్కన ఇంకో చుక్క, అట్లా తలంతా రంగు దించుకుంటూ పోవడం ఆమె పని.

“ముందే చెప్తున్నానన్నా. దీంతో జుట్టు మొలవదు. మొలిచినట్టు కనపడతది, అంతే,” అంది రజిని.

“కనపడితే చాలమ్మా.”

“పక్కల ఉండే జుట్టు కూడా చుక్కల్లో కలిసిపోవాల. కిందికి పోయి నున్నగా తీయించుకొని రా.”

కింద ఎదురుగానే నరసింహ మంగలి షాపు. మోహన్‌కృష్ణ కుర్చీలో వెనక్కి వాలి, తలంతా తీసెయ్యమని చెప్పి కళ్లు మూసుకున్నాడు. నరసింహ చాలా కబుర్ల మనిషి. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు. తల మెల్లగా తడిపి, ఎంతో మర్యాదగా గీశాడు. కళ్లు తెరిచి అద్దంలో చూసుకుంటే మీసం కూడా లేదు.

“మీసం ఎందుకు తీసినావు నరసింహా?”

“తియ్యకుండా ఎట్టన్నా,” అని నరసింహ తలదించుకొని కత్తిలో బ్లేడు మార్చుకోసాగాడు. డబ్బులిస్తే మొహం చూడకుండానే తీసుకున్నాడు. వీడికి ఇంట్లో ఏదో గొడవై ఉంటుంది అనుకుంటూ మోహన్‌కృష్ణ మేడ ఎక్కాడు.

రజిని తెల్ల పెన్సిలుతో నుదురు మీద గీత గీసి అద్దం చేతికిచ్చింది. ఇంకొంచెం కిందికి గీయమన్నాడు. “కాలేజీ పిల్లోడి గీత నీ మొహానికి పెడితే అతికించినట్టుంటది. రెండు మూలలూ కొంచెం లోపలికి పోనీ. అప్పుడే నీ తలనుకుంటారు,” అని ఆమె ఒప్పుకోలేదు. రంగు సీసాలు వరసగా చెవి పక్కన పెట్టి చూసి ఒకటి తీసింది. సూది మిషను సన్నగా మోగింది. నొప్పి ఎక్కువ లేదు, గోటితో గిల్లుతున్నట్టు ఉంది. ఆమె ఒక వరసలో పెట్టకుండా ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెడుతూ, మధ్య మధ్య చర్మం వేళ్లతో సాగదీసి చూసుకుంటూ, మధ్యాహ్నం భోజనం కూడా మరిచి చేసింది. అంత శ్రద్ధగా తన తలను ఎవరూ ఎప్పుడూ చూసినట్టు అతనికి గుర్తులేదు. లేచేటప్పుడు ఆమెకు దండం పెట్టాడు.

“ఇంకా రెండు సార్లు రావాల. నాలుగు రోజులు తలకు నీళ్లు తగలకూడదు, నూనె రాయకూడదు, చెమట అసలు పట్టకూడదు. ఎండలో వదులు టోపీ పెట్టుకో. నీడకొస్తే తీసెయ్యి.”

ఆత్మకూరులో అతనుండేది రేకుల గది. ఫాల్గుణం ఎండకు మధ్యాహ్నమయ్యేసరికి పొయ్యి మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఉదయగిరిలో ఇల్లు మిద్దె, చల్లగా ఉంటుంది. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికి పోవడమే మేలు అనుకున్నాడు. చిక్కల్లా తండ్రి జనార్దనయ్యతోనే. కొడుకు అద్దం ముందు కాసేపు నిలబడితే “ఏందిరా, నాటకాలోడివా?” అనే మనిషి. తలకు సూదులతో రంగు వేయించుకున్నానని ఆయనతో చెప్పడం కంటే ఆ రేకుల కింద ఉడికిపోవడం నయం. పెంచలకోన మొక్కు అని చెప్పేద్దామనుకున్నాడు. బస్టాండుకు నడుస్తూనే చెప్పే తీరు కూడా మనసులో తయారు చేసుకున్నాడు.

బస్టాండు నీడలోకి రాగానే, చెమట పడుతుందేమోనని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది.

మర్రిపాడు బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన ఒకాయన, భుజాన గొంగళి, చేతిలో కర్ర, ఇతన్నే చూస్తున్నాడు. దగ్గరికి వచ్చాడు. మోహన్‌కృష్ణ గుర్తుపట్టాడు. పెంచలనరసయ్య. ఒకప్పుడు వాళ్ల వీధే. తన నాయనతో బావా అంటే బావా అనుకుంటూ తిరిగినవాడు, తగాదా పడి మర్రిపాడులో కూతురింటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాళ్ల ఇంటి గడప తొక్కలేదు.

“మోహనుడివే గదా,” అన్నాడు. తల చూశాడు. పై పెదవి చూశాడు. ఇంకేమీ అడగలేదు. అట్లాంటి తల కనిపిస్తే ఈ ప్రాంతంలో ఎవరూ అడగరు. రెండు చేతులతో మోహన్‌కృష్ణ చెయ్యి పట్టుకున్నాడు. కర్ర కిందపడినా చూసుకోలేదు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

“పోయినాడా మా బావ,” అన్నాడు.

మోహన్‌కృష్ణ చెయ్యి దానంతటదే పై పెదవి మీదికి పోయింది. తల్లి పోయినా తండ్రి పోయినా కొడుక్కి తలతోపాటు మీసం కూడా తీస్తారు. నరసింహ నోరెత్తకుండా గీసిందీ, మొహం చూడకుండా డబ్బు తీసుకుందీ ఎందుకో అప్పటికి తెలిసింది.

లేదు మామా అనాలి. ఆ మాట నోట్లోనే ఉంది. కానీ బెంచీ మీద వాళ్లంతా ఇటు తిరిగారు. పక్కన కూర్చున్న ఆవిడ మైల తగలకుండా సంచీ దగ్గరికి లాక్కుని, పాపం అన్నట్టు చూసింది. లేదంటే, మరి గుండెందుకు అని అడుగుతారు. ఇంతమందిలో చుక్కల సంగతి విప్పాలి. గొంతులో మాట గొంతులోనే ఉండిపోయింది. దుఃఖంతో మాట రావటం లేదనుకున్నాడు పెంచలనరసయ్య.

మర్రిపాడు బస్సు వచ్చి ఆగింది. ఆయన దానివైపు ఒకసారి చూసి, కర్ర తీసుకున్నాడు. “పద నాయనా. నేనూ వస్తా,” అని ఉదయగిరి బస్సెక్కాడు.

బస్సులో ఎవరో లేచి ఇద్దరికీ సీటిచ్చారు. కండక్టరు గొంతు తగ్గించి టిక్కెట్లు కొట్టాడు. పెంచలనరసయ్య అతని చెయ్యి వదల్లేదు. మైల అనీ అనుకోలేదు.

“పోయిన ఎండాకాలం బావ నెల్లూరు ఆసుపత్రిలో ఉండాడని తెలిసింది. బయల్దేరి బస్టాండు దాకా వచ్చినా. ఏ మొహం పెట్టుకొని పొయ్యేదని మళ్లా ఇంటికే పోయినా. ఆయన శెనక్కాయ చేలో పడింది నా గొర్రెలు. బందెలదొడ్డికి తోలించినాడు. తోలించకుండా ఎట్టుంటాడు చెప్పు, పంటంతా పాయె. ఆ దొడ్లో నా సూడిగొర్రె చచ్చిపోయింది. కడుపులో పిల్లతో సహా. అది చూసి నేను బజార్లో నిలబడి అనగూడని మాట అన్నా. నీ ఇల్లు నాశనమైపోతదని అన్నా.”

“వదిలెయ్ మామా.”

“ఎట్టా వదిలేది? చిన్నప్పుడు కొండ కింద గొర్రెల కాపలాకి పోయి ఒకే గొంగట్లో పడుకున్నోళ్లం. మా పెద్దదాని కాన్పు కష్టమైతే వానలో బండి కట్టింది మీ నాయన. అట్టాంటోడి ఇంటిని పట్టుకొని అనే మాటా అది?”

మోహన్‌కృష్ణకు ఇవేవీ తెలియవు. తండ్రి ఇంట్లో పెంచలనరసయ్య పేరెత్తినవాడు కాదు. ఎవరన్నా ఎత్తితే లేచి పశువుల దగ్గరికి పోయేవాడు. అది కోపమని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

దారిలో టీ కోసం బస్సు ఆగింది. మోహన్‌కృష్ణ రెండు టీలు తెచ్చాడు. పెంచలనరసయ్య ముట్టుకోలేదు. “బావను చూడకుండా గొంతు దిగదు నాకు,” అన్నాడు. ఇక చెప్పకపోతే పాపం తగులుతుందనుకుని మోహన్‌కృష్ణ నోరు తెరిచాడు. అంతలోనే ఆలోచన వచ్చింది. ఇప్పుడు చెబితే ఈయన ఇక్కడే దిగి ఎదురొచ్చే బస్సు ఎక్కుతాడు. బతికున్న జనార్దనయ్య ముందుకు పోవడానికి ఇన్నేళ్లూ చాలని ధైర్యం, ఇప్పుడు టీ బంకు దగ్గర ఎక్కడ నుంచి వస్తుంది? మోహన్‌కృష్ణ నోరు మూసుకుని రెండు టీలూ తానే తాగాడు. మొదటిసారి నోరు మెదపకపోయింది పిరికితనంతో. ఈసారి కావాలనే. రెండూ కలిసి ఇంటి దగ్గర తనను ఏం చేస్తాయో మాత్రం తెలియలేదు.

ఉదయగిరిలో దిగీ దిగగానే పెంచలనరసయ్య పూల బండి దగ్గర ఆగి చామంతి దండ కొన్నాడు. మోహన్‌కృష్ణ చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దన్నా వినలేదు. సందు మలుపు దాకా వచ్చారు. ఇక లాభం లేదు.

“మామా, నా మాట విను. నాయన పోలేదు.”

పెంచలనరసయ్య ఆగి అతని భుజం నిమిరాడు. “అవును నాయనా. అట్టాంటోళ్లు యాడికి పోతారు? మన మధ్యనే ఉంటారు,” అని కళ్లు తుడుచుకొని ముందుకు నడిచాడు.

జనార్దనయ్య అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించుకొని రెండు అరచేతుల మధ్య నార తిప్పుతున్నాడు. అలికిడికి తలెత్తాడు. ముందు కొడుకు గుండు కనిపించింది. తర్వాత మీసం లేని మొహం. ఆ వెనక దండతో ఇంకొకడు. పగ్గం వేలి నుంచి జారి పురి గిరగిరా విడిపోయింది.

“ఎవురురా పోయింది?” అన్నాడు. వెంటనే గుమ్మంలోకి తిరిగి, “మాలకొండా, ఏమే, ఉండావా?” అని కేకేశాడు.

“యాడికి పోతా? పొయ్యి కాడ ఉండాను,” అంటూ మాలకొండమ్మ గరిటెతో బయటికి వచ్చింది. వచ్చి కొడుకును చూసి, గరిటె పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుంది.

పెంచలనరసయ్య వీధిలో అట్లాగే నిలబడిపోయాడు. కాసేపు దండ వంక, కాసేపు మనిషి వంక చూశాడు.

“ఉండావా బావా,” అన్నాడు.

“ఉండాను. నీకేమన్నా అడ్డమా?”

జనార్దనయ్య మాట ఎప్పుడూ అంతే. కానీ కిందపడ్డ పగ్గాన్ని ఇంకా ఎత్తుకోలేదు. పెంచలనరసయ్యకు సంగతి అర్థమై మొహం ఎర్రబారింది. దండ అరుగు మీద పెట్టి, కర్ర నేలకు ఆనించి వెనక్కి తిరిగాడు. మోహన్‌కృష్ణకు ప్రాణం పోయినంత పనయింది. ఇంత దూరం తెచ్చి ఇప్పుడు పోనిస్తే ఈ మనిషి ఇక చావుకు కూడా రాడు.

“ఎండన బడి వచ్చినోడివి, యాడికి పోతావు?” అన్నాడు జనార్దనయ్య. విడిపోయిన పగ్గం కొస ఎత్తి ముందుకు చాపాడు. “ఇది పట్టుకో. ఒక్కడితో పురి నిలవటంలా.”

పెంచలనరసయ్య కర్ర గోడకు ఆనించాడు. తర్వాత అరుగెక్కి, గొంగళి పక్కన పెట్టి, పట్టుకున్నాడు. ఒకాయన ఇటు తిప్పాడు, ఇంకొకాయన అటు తిప్పాడు. పగ్గం గట్టిగా, సమంగా పడింది. సగం అయ్యాక జనార్దనయ్య చేతుల వంకే చూస్తూ అన్నాడు.

“ఆ సూడిగొర్రె నాకు రోజూ గుర్తొచ్చేది బావా. ఆ రోజు దొడ్లో నీళ్లు పెట్టించి ఉండాల్సింది. పెట్టించలా.”

పెంచలనరసయ్య చేతులు ఆగలేదు. “నేనన్న మాట ముందర అదేం లెక్కలే బావా,” అన్నాడు.

మోహన్‌కృష్ణ సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. పెంచలకోన మొక్కు నోట్లోనే ఆగిపోయింది. అమ్మ గట్టిగా రెండు ప్రశ్నలు వేసేసరికి చుక్కలూ, రజినీ, లైవూ, అంకుల్ మాటా అన్నీ బయటపడ్డాయి. జనార్దనయ్య విన్నాడు. “నేను బతికుండంగా తల గొరిగించుకొని ఊళ్లో తిరిగినావు,” అన్నాడు. అంతే, ఆ సాయంత్రమంతా కొడుకుతో మాట్లాడలేదు. పెంచలనరసయ్యతో మాత్రం కొడుకు చదువు నుంచి కోడెదూడ దాకా తెగ మాట్లాడాడు. దండను మాలకొండమ్మ ఏం చెయ్యాలో తోచక ఆవు మెడలో వేసింది. ఆవు సగం తినేసింది.

పొద్దున్నే పెంచలనరసయ్య కొండ వైపు పోయివస్తానని బయటికి వెళ్లాడు. మోహన్‌కృష్ణ అరుగు మీద కూర్చుని, తల తడవకుండా మొహం కడుక్కుంటున్నాడు. జనార్దనయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. “వంగు,” అన్నాడు.

వంగాడు. తిట్లు పడతాయనుకుని కళ్లు మూసుకున్నాడు. తల మీద ఒక వేలు ఆనింది. గరుకు వేలు, ఇంకా నార వాసన వేస్తోంది. నుదుటి నుంచి నడినెత్తి దాకా మెల్లగా పోయింది.

“చేతికి ఏం తగలటంలా. చూస్తే మాత్రం ఉండాది,” అన్నాడు. తర్వాత తన తలగుడ్డ విప్పాడు. నున్నటి బట్టతల. “మా నాయనది నాకొచ్చింది, నాది నీకొచ్చింది. నేను గుడ్డ చుట్టుకున్నా, సరిపోయింది. నువ్వు చీరలు చూపించేవోడివి, గుడ్డ చుట్టుకుంటే కుదరదు. అంత బాధ పడ్డోడివి నాతో ఒక మాట చెప్పుంటే పోయేదిగా.”

“తిడతావనుకున్నా నాయనా.”

“తిట్టేవోణ్ణే,” అని ఒప్పుకొని, తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు.

మోహన్‌కృష్ణకు కడుపు నిండిపోయింది. నాయన తన తల ముట్టుకోవడం ఊహ తెలిశాక ఇదే. ఆ సూదికీ, ఆ చుక్కలకూ, మీసం గీసిన నరసింహకూ, చివరికి అంకుల్ అన్న ఆ మహాతల్లికి కూడా మనసులో దండం పెట్టుకున్నాడు.

సెలవు అయ్యాక కొట్టుకు పోతే, మాధవ్ చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు. చావు కబురు అక్కడికి కూడా చేరింది. మోహన్‌కృష్ణ నవ్వి, “మా నాయన బ్రహ్మాండంగా ఉండాడు. ఇది సూదితో పెట్టిన రంగు. నువ్వు పక్కకు జరగమన్నావే, అందుకు పెట్టించినా,” అని అందరి ముందూ చెప్పాడు. మాధవ్ తనే లైటును కొంచెం పక్కకు జరిపి చోటు చేశాడు. ఆ సాయంత్రం గోపికా తనూ ఇద్దరూ లైటు ముందు నిలబడ్డారు. ఎవరో కింద, “అన్నా, ఎవరు పోయారు?” అని రాశారు. “ఎవురూ పోలా అక్కా. ఈ ముదురు నీలం చూడు,” అని మోహన్‌కృష్ణ పమిట విసిరాడు.

రెండోసారి చుక్కలకు పోయే ఆదివారం పొద్దున్నే జనార్దనయ్య కూడా ఉదయగిరి నుంచి దిగాడు. పెంచలనరసయ్య మర్రిపాడు నుంచి దిగాడు. ఆత్మకూరులో ఏదో పనుందని ఇద్దరూ చెప్పారు గానీ ఆ పనేమిటో చెప్పలేదు. ముందు నరసింహ షాపులోకి నడిచారు. జనార్దనయ్య కుర్చీ పక్కనే నిలబడి, “తల వరకే. మీసం జోలికి పోబాక. నేనింకా ఉండాను,” అన్నాడు. నరసింహ నాలుక కరుచుకుని, తల గీసినంతసేపూ ఆ పెద్దాయన వంక భయంగా చూస్తూనే ఉన్నాడు.

మేడ మీద మోహన్‌కృష్ణ బల్ల మీద బోర్లా పడుకున్నాడు. మొహం కిందికి పెట్టుకోవడానికి బల్లకు గుండ్రటి సందు ఉంది. కింద నేల తప్ప ఏమీ కనపడదు. రజిని మిషను మొదలుపెట్టింది. ఇద్దరు ముసలివాళ్లు గోడ వారగా స్టూళ్ల మీద కూర్చున్నారు.

“పెద్దాయనా, మీ అబ్బాయికి బాగా కుదిరిందా?” అంది రజిని, చుక్క మీద నుంచి కళ్లు తీయకుండా.

“కుదిరింది తల్లీ. నీ చెయ్యి చల్లగుండాల,” అన్నాడు జనార్దనయ్య. మళ్లీ ఆయనే అన్నాడు. “వీడుండాడే, మా పెంచలనరసడు. నేను పోయినాక రావాల్సినోడు. నీ సూది పుణ్యాన, నేనుండంగనే వచ్చినాడు.”

రజినికి ఏమీ అర్థం కాలేదు. పెంచలనరసయ్య గొంగళి సర్దుకున్న చప్పుడు వినపడింది. బల్ల సందులోంచి రెండు చుక్కల నీళ్లు నేల మీద పడ్డాయి. రజిని మిషను ఆపింది.

“నొప్పిగా ఉందా అన్నా?”

“లేదమ్మా,” అన్నాడు మోహన్‌కృష్ణ. “నువ్వు కానీయి.”